బండిలో ఆడవాళ్లున్నారు

కారు వెనక అద్దానికి కాగితం అంటించి పదకొండు రోజులైంది. 'అమ్మబడును' అని రాసి కింద ఫోన్ నంబరు వేశారు. కారు రుఫైదాది. నంబరు ఆమె అన్న మిథ్ఖాల్‌ది. కరక్ లాంటి కొండ ఊళ్లో ఆడమనిషి నంబరు కారు అద్దం మీద రాస్తే వచ్చే ఫోన్లలో కారు గురించి అడిగేవి ఎన్ని ఉంటాయో ఎవరూ చెప్పలేరు.

రుఫైదాకు ముప్పై నాలుగేళ్లు. బాలికల బడిలో లెక్కల టీచరు. ఆరేళ్లు ఆ కారులోనే రోజూ ఇరవై కిలోమీటర్లు వెళ్లి వచ్చింది. ఈ ఏడు ఇంటి వెనక వీధి బడికే బదిలీ అయింది. కారు ఎండకు నిలబడి ఉంటోంది. అమ్మేద్దామని ఆమే అంది.

అప్పటికి ముగ్గురు వచ్చి చూశారు. మొదటివాడు టైరును ఒక తన్ను తన్ని వెళ్లిపోయాడు. రెండోవాడు ఇంజను శబ్దం విని, "మా అత్తగారు గుర్తొస్తోంది," అన్నాడు. మూడోవాడు మళ్లీ వస్తానన్నాడు, రాలేదు. ఎవరొచ్చినా పద్ధతి ఒకటే. కొనేవాడు స్టీరింగ్ దగ్గర, మిథ్ఖాల్ పక్క సీట్లో. కొండ మీది రొట్టెల కొట్టు దాకా ఎక్కి, అక్కడ తిప్పుకుని దిగడం. ఏసీ వేసి ఆ ఎత్తు ఎక్కిస్తే బండి సంగతి తేలిపోతుంది. పది నిమిషాల పని. రుఫైదా గుమ్మం లోపల నిలబడి చూసేది.

నాలుగోవాడు శుక్రవారం నమాజు అయ్యాక, భోజనాలు చేసి ఊరు నడుం వాల్చే వేళకు వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. ఇస్త్రీ చొక్కా, చేతిలో జపమాల. టాక్సీ దిగి సలాం చెప్పాడు. వెంట ఒక స్త్రీ ఉంది. నల్లని ముసుగు, కళ్లు మాత్రం కనబడుతున్నాయి. ఆమె గోడవార నిలబడిపోయింది.

"లోపలికి రండి, ముందు కాఫీ తాగుదురు గాని," అన్నాడు మిథ్ఖాల్.

"మరోసారి అన్నా. ఫ్యామిలీ ఉంది నాతో. నన్ను అబూ సనద్ అంటారు. అమ్మాన్ నుంచి వచ్చాం. కారు మా ఆవిడ కోసమే. ఆమె కూర్చుని చూసి ఊ అంటే ఊ, ఊహూ అంటే ఊహూ."

"మా ఇంట్లోనూ అంతే లెండి," అన్నాడు మిథ్ఖాల్. ఇద్దరూ నవ్వారు.

అబూ సనద్ బానెట్ ఎత్తి చూశాడు. ఆయిల్ పుల్ల తీసి తుడిచి చూశాడు. తర్వాత భార్యకు వెనక తలుపు తీశాడు. ఆమె ఎక్కింది. అతను స్టీరింగ్ దగ్గర కూర్చుని, తాళం కోసం చెయ్యి చాపాడు.

మిథ్ఖాల్ తాళం చేత పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

రుఫైదాకు అన్న ఇబ్బంది అర్థమైంది. పరాయివాడి భార్య కూర్చున్న కారులో అతను ఎక్కలేడు. ఎక్కడం కాదు కదా, అటు చూడనైనా చూడలేడు. గుర్తింపు కార్డు ఇచ్చి వెళ్లమని అడగొచ్చు. భార్య ఎదుట అలా అడగడమంటే నువ్వు దొంగవని మొహం మీద అనడమే. తాళం ఇచ్చి పంపించేస్తే కారు తిరిగి వస్తుందో రాదో తెలియదు. కారు తనది కాదు, చెల్లెలిది.

అమ్మ వంటింట్లోంచి గొంతెత్తింది. "ఏంట్రా, తాళం చెవికి ముహూర్తం చూస్తున్నావా?"

"నేను కూర్చుంటాలే అన్నా," అంది రుఫైదా. "ఆవిడ పక్కన కూర్చుంటాను. పది నిమిషాలే కదా."

మిథ్ఖాల్ ముఖం తేటపడింది. "అదీ బాగుంది," అన్నాడు.

ఆమె ఫోను వంటింట్లో చార్జింగ్‌లో ఉంది. పది నిమిషాలకు ఫోనెందుకని తీసుకోలేదు.

*

కారు ఎత్తు ఎక్కింది. అతను బాగానే నడుపుతున్నాడు. గేరు మార్చేటప్పుడు కుదుపు లేదు. ఏసీ వేశాడు, తీశాడు, మళ్లీ వేశాడు.

"లాగుతోంది చెల్లెమ్మా. బాగా చూసుకున్నావు."

"ఆయిల్ టైముకు మార్పించేదాన్ని," అంది రుఫైదా.

పక్కనున్న ఆవిడతో మాట కలపాలని, "మీరు అమ్మాన్‌లో ఎక్కడ?" అని అడిగింది. ఆవిడ తల దించుకుంది. ముందు సీటు నుంచి అతనే జవాబిచ్చాడు. "మావాళ్లు కొత్తవాళ్లతో మాట్లాడరు. సిగ్గు."

రొట్టెల కొట్టు వచ్చింది. షట్టరు వేసి ఉంది. కొట్టు ముందు బండి తిప్పుకునేంత చోటు ఉంది. అతను తిప్పలేదు.

"ఇక్కడే తిప్పుకోవాలి," అంది రుఫైదా.

"కాస్త ముందుకెళ్లి తిప్పుతా. బ్రేకులు కూడా చూడాలిగా."

కొట్టు దాటాక రోడ్డు రెండుగా చీలుతుంది. కుడివైపు ఊళ్లోకి. ఎడమవైపు ఘోర్ పల్లానికి, మృత సముద్రం ఒడ్డుకు. అతను ఎడమకు తిప్పాడు. అప్పుడే తలుపుల తాళాలు నాలుగూ ఒక్కసారి టక్కుమన్నాయి. ఆ కారులో తాళాలు వాటంతట అవి పడవు. డ్రైవరు తలుపు మీద మీట నొక్కాలి. ఆరేళ్లుగా ఆ మీట నొక్కింది తనే.



"అన్న చూస్తుంటాడు. వెనక్కి వెళ్దాం," అంది. 

"వెళ్దాం చెల్లెమ్మా, వెళ్దాం."

రోడ్డు దిగుతోంది. అలా దిగుతూనే ఉంటుంది. ముప్పై కిలోమీటర్లలో వెయ్యి మీటర్లకు పైగా పల్లం. ఒకవైపు రాయి, ఒకవైపు లోయ. శుక్రవారం మధ్యాహ్నం ఆ దారిన వచ్చేవాళ్లు లేరు. ఒక మేకల మంద కనబడింది, కాపరి కనబడలేదు. రుఫైదా చెవులు దిబ్బళ్లు పడ్డాయి. గుటక వేయబోయింది. నోట్లో తడి లేదు.

ఆమె పక్క మనిషి చేతుల వైపు చూసింది. ఒళ్లో ఒక నైలాన్ సంచి, దాని మీద రెండు చేతులు. గోళ్ల సందుల్లో ఆకుపచ్చని మరక. చూపుడు వేలి మీద అడ్డంగా పాత కోత. వంటల్లో వేసే జాతర్ ఆకు వాసన వేస్తోంది. అమ్మాన్‌లో కారు కొనుక్కునే ఇంటి ఇల్లాలి చేతులు కావవి. ఆకు దూసి, కట్టలు కట్టి, రోడ్డు పక్కన అమ్మే చేతులు.



ఏసీ గాలి హోరులో ఆవిడ ముసుగు లోపలి నుంచి, పెదవులు కదిలీ కదలనట్టు అంది. "అమ్మాయ్, నువ్వు ఈయనకేం అవుతావు?"

రుఫైదా ఆమె కళ్లలోకి చూసింది. అర్థమయ్యీ కానట్టు, "మీరేం అవుతారు?" అంది.

"నేనేమీ కాను. బస్టాండు దగ్గర జాతర్ అమ్ముకుంటాను. పొద్దున వచ్చి ఐదు దినార్లు ఇచ్చాడు. కారు చూసుకోవాలి, వాళ్లింట్లో ఒంటి మగాణ్ణి నమ్మరు, గంటసేపు పక్కనుండు పిన్నీ అన్నాడు. నా ఫోను తీసుకున్నాడు, చార్జింగ్ పెడతానని. నువ్వు ఈయన చుట్టానివేమో అనుకున్నా. చెల్లెమ్మా అంటున్నాడుగా."

ముందు సీట్లో జపమాల అద్దానికి తగిలించి ఉంది. దాని కింద ఒక పాత బటన్ల ఫోను పడి ఉంది. చార్జింగ్ వైరు ఎక్కడా లేదు.

కారులో ఉన్న ముగ్గురిలో ఏ ఒక్కరూ ఇంకొకరికి ఏమీ కారు. రుఫైదా ఆ లెక్క చేసి, మళ్లీ చేసి, అదే జవాబు రాబట్టింది. 

*

లోయ సగం దిగాక చెక్‌పోస్టు వచ్చింది. రోడ్డుకు అడ్డంగా రెండు పీపాలు, ఒక రేకుల నీడ, ఒక పోలీసు. అబూ సనద్ వేగం తగ్గించాడు. కిటికీ అద్దం దించాడు.

రుఫైదా నోట్లో మూడు మాటలు సిద్ధంగా ఉన్నాయి. ఈయన మావాడు కాదు.

"ఫ్యామిలీ, సార్," అన్నాడు అబూ సనద్.

పోలీసు వంగి వెనక సీటు వైపు చూశాడు. ఇద్దరు ఆడవాళ్లు కనబడ్డారు. వెంటనే నడుం నిటారు చేసి రోడ్డు వైపు చూడసాగాడు. పాతికేళ్లు ఉండవు. ఆ ముక్కు, ఆ నుదురు రుఫైదాకు తెలిసినట్టే అనిపించింది. తొమ్మిదో తరగతిలో ఇలాంటి ముక్కుతో ఒక పిల్ల ఉంది. అన్నయ్య కావచ్చు, బాబాయి కావచ్చు. కరక్‌లో ఎవరో ఒకరికి ఏదో ఒకటి కాని మనిషి ఉండడు. ఇప్పుడు నోరు తెరిస్తే సాయంత్రానికల్లా టీచరు రుఫైదా పరాయి మగాడి కారులో, ఘోర్ దారిలో దొరికిందన్న మాట ఊళ్లో ఉంటుంది. ఆ మాటకు ముందూ వెనకా ఏముందో ఎవరూ అడగరు.

మూడు మాటలూ గొంతులోనే ఉండిపోయాయి.

"వెళ్లిరండి. దేవుడు చల్లగా చూడాలి," అన్నాడు పోలీసు, రోడ్డుతో అన్నట్టు.

కారు కదిలింది. రుఫైదా వెనక్కి తిరిగి చూసింది. రేకుల నీడ మలుపు చాటుకు పోయింది.

"మంచి పని చేశావు," అన్నాడు అబూ సనద్. గొంతు మారలేదు. ఆ మారకపోవడానికే ఆమె ఎక్కువ భయపడింది. "నీకేం కాదు చెల్లెమ్మా. పిన్నికీ ఏం కాదు. నాకు బండి కావాలి. ఇంకొంత దూరం పోయాక దింపేస్తాను."

"ఎక్కడ?"

అతను గేరు మార్చాడు.

"ఇక్కడే దింపండి. మేం నడిచిపోతాం. ఎవరికీ చెప్పం."

"ఇక్కడ దింపితే నువ్వా పోలీసు దగ్గరికే పోతావు. పిచ్చివాణ్ణా నేను? ఇంకో చెక్‌పోస్టుంది, కింద. అది దాటాలి. మీరు ఉంటేనే దాటతాను." అద్దంలో ఆమె వైపు చూశాడు. "పోనీ అక్కడ కేకలు పెట్టు. ఏమని అరుస్తావు? ముక్కూ మొహం తెలీనివాడి బండెక్కి ఇంత దూరం వచ్చానని చెప్తావా? మొదటి పోలీసు దగ్గర ఎందుకు చెప్పలేదంటే ఏం చెప్తావు? టీచరువి కదా, ఆలోచించుకో."

తాను టీచరునని ఆమె అతనికి చెప్పలేదు. అన్న చెప్పి ఉంటాడు, లేదా వెనక సీట్లో మిగిలిపోయిన పాత జవాబు పత్రాల కట్ట చూసి ఉంటాడు. ఏది ఎలా తెలిసిందో, ఇంకేం తెలుసో ఆమెకు అంతుబట్టలేదు.

పక్కావిడ చెయ్యి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. గరుకు చెయ్యి. "నాకో కొడుకున్నాడమ్మా," అంది నెమ్మదిగా. "ముక్కోపి. పరాయివాడి దగ్గర డబ్బు తీసుకుని బండెక్కానని తెలిస్తే చంపేస్తాడు. నిజంగానే. నువ్వేం మాట్లాడకు. దింపేస్తానన్నాడుగా."

"దింపుతాడని ఎలా నమ్మడం?"

ఆవిడ ఆలోచించింది. "నమ్మలేం," అంది.

కిందికి వచ్చేసరికి ఎండ తెల్లబడింది. సముద్రం కనబడింది, కదలిక లేకుండా. దాని ఒడ్డున పెద్ద రోడ్డు. ఉత్తరానికి అమ్మాన్, దక్షిణానికి ఎడారి. కూడలిలో రెండో చెక్‌పోస్టు. టమాటా లారీలు అక్కడ వరుస కట్టి ఉన్నాయి. అబూ సనద్ ఒక లారీ వెనక కారు ఆపాడు. ఇంకో లారీ వచ్చి వెనక ఆగింది. అతని వేళ్లు స్టీరింగ్ మీద దరువు వేస్తున్నాయి.

రుఫైదా వెనక కిటికీ మీట నొక్కింది. అద్దం దిగలేదు. ముందు నుంచి బిగించేశాడు.

ముందు లారీ కదిలింది. కారు ఒక బండి పొడవు ముందుకు జరిగింది. పోలీసులు ఇద్దరు. ఒకడు లారీ కాగితాలు చూస్తున్నాడు. ఇంకొకడు పెద్దవాడు, మీసం నెరిసినవాడు, ఒక కారులోకి వంగి చూశాడు. లోపల ఆడవాళ్లున్నట్టున్నారు. చెయ్యి ఊపి పంపేశాడు. మన వంతు వచ్చినా ఇదే చెయ్యి ఊపుతాడు అనుకుంది రుఫైదా. ఆ తర్వాత రోడ్డుంది, రెండు వైపులా.

ఆ రోడ్డు మీద ఏమవుతుందో ఆమె ఊహించబోయింది. ఊహ ఒకచోట దాకా వెళ్లి ఆగింది. ఊళ్లో ఏమంటారో కూడా ఊహించింది. అది మాత్రం చివరిదాకా, మాటమాటా వినబడింది. వినబడేదాన్ని భరించవచ్చు అనుకుంది.

ఆమె ముందు సీట్ల మధ్యకు వంగి, అతని భుజం మీదుగా చెయ్యి చాపి, హారన్ మీద అరచెయ్యి పెట్టి నొక్కింది. తియ్యలేదు.

అబూ సనద్ ఆమె మణికట్టు పట్టుకున్నాడు. మెలి తిప్పాడు. ఆమె రెండో చెయ్యి పెట్టింది. హారన్ ఆగలేదు. లారీల్లోంచి తలలు బయటికొచ్చాయి.

నెరిసిన మీసం పోలీసు పరుగున వచ్చాడు. "ఏంటా హారన్? ఎవడి పెళ్లి?"

అబూ సనద్ చెయ్యి వదిలేశాడు. అద్దం దించాడు. "ఫ్యామిలీ సార్. చెల్లికి ఒంట్లో బాగోలేదు. ఎండదెబ్బ. ఏదేదో మాట్లాడుతోంది. ఆస్పత్రికి పోతున్నాం."

పోలీసు అలవాటు ప్రకారం కళ్లు పక్కకు తిప్పుకోబోయాడు.

"నేను ఈయన చెల్లెల్ని కాను," అంది రుఫైదా. "నన్ను చూడండి. చూసి వినండి. ఈయన ఎవరో నాకు తెలీదు. కారు కొంటానని వచ్చాడు."

పోలీసు చూశాడు. మొదట అడిగిన మాట మగవాణ్ణి కాదు, ఆమెనే. "తెలీనివాడి బండి ఎందుకెక్కావు?"

"బండి అతనిది కాదు. నాది."

ఆయన ముసుగు మనిషి వైపు తిరిగాడు. "అమ్మా, ఈయన నీ భర్తేనా?"

  ఆవిడ ఊ అంటే చాలు, రుఫైదా పిచ్చిదైపోతుంది. ఆవిడ రెండు చేతులతో ముసుగు పైకి ఎత్తింది. యాభై ఏళ్ల మొహం, ఎండకు పగిలిన పెదవులు.

"నా మొగుడు పోయి ఎనిమిదేళ్లయింది బాబూ," అంది. "నా పేరు ఖద్రా. ఈయన పేరు కూడా నాకు తెలీదు."

ముందు లారీ, వెనక లారీ. అబూ సనద్ రెండూ చూసుకున్నాడు. ఇంజను ఆపాడు. అద్దానికి తగిలించిన జపమాల తీసి చొక్కా జేబులో వేసుకుని, తాళం చెవి పోలీసు చేతిలో పెట్టాడు. దిగుతూ రుఫైదా వైపు ఒకసారి చూశాడు. "ఇప్పుడు ఇంటికెలా పోతావో చూస్తా," అన్నాడు, కోపం లేకుండా.

*

చెక్‌పోస్టు గది ఇనప కంటైనరును కోసి చేసింది. ఒక బల్ల, ఒక బెంచీ, ఒక కూలరు. మగవాణ్ణి జీపు ఎక్కించి తీసుకెళ్లారు. ఆడవాళ్లను పంపలేదు. ఎవరింటి మగమనిషి వచ్చి వాళ్లను తీసుకెళ్లాలి, సంతకం పెట్టాలి. అది పద్ధతి.

రుఫైదా చెక్‌పోస్టు ఫోను నుంచి అన్నకు చేసింది. మొదటి గంటకే ఎత్తాడు.

"అన్నా, నేను. ఘోర్ చెక్‌పోస్టులో ఉన్నాను."

అవతల ఊపిరి వినబడింది.  తర్వాత, "బతికే ఉన్నావా?" అన్నాడు. ఆమె ఫోనులో మాట్లాడుతుంటే ఆ ప్రశ్న ఎందుకో ఇద్దరికీ తోచలేదు. "వస్తున్నా," అని పెట్టేశాడు.

గంటన్నర పట్టింది. ఆ గంటన్నరా ఆమె తలుపు వైపే చూసింది. కారులో కూడా ఇంత భయపడలేదేమో అనుకుంది. అన్న మంచివాడే. మంచివాళ్లకు ఊరిలో నలుగురు బంధువులుంటారు, ఆ నలుగురికీ నోళ్లుంటాయి.

మిథ్ఖాల్ ఒక దూరపు చుట్టాన్ని అడిగి, అతని పికప్‌లో వచ్చాడు. కాళ్లకు ఇంటి చెప్పులు. రొట్టెల కొట్టు దాకా మూడుసార్లు నడిచి వెళ్లి వచ్చాడని తర్వాత తెలిసింది. లోపలికి వచ్చి చెల్లెల్ని తల నుంచి పాదాల దాకా చూశాడు. దగ్గరికి రాలేదు.

నెరిసిన మీసం పోలీసు కాగితం ముందుకు తోశాడు. "చదివి సంతకం పెట్టండి."

మిథ్ఖాల్ వేలు పెట్టి చదివాడు. మూడో వరుసలో వేలు ఆగింది. అక్కడేముందో రుఫైదాకు తెలుసు. ఆమె ఎదుటే రాశారు. 'ఎవరి బలవంతమూ లేకుండా, తనంతట తాను, అపరిచితుడు నడుపుతున్న వాహనం ఎక్కినట్టు.' ఆమె చెప్పిందే. నేను కూర్చుంటాలే అని తనే అంది.



"ఇది కొట్టెయ్యండి," అన్నాడు మిథ్ఖాల్.

"ఆమె చెప్పిందే రాశాను."

"నిజమే చెప్పింది. సగమే చెప్పింది. వాడు నా గుమ్మం ముందుకొచ్చాడు. కార్డు అడగడానికి నాకు మొహమాటం అడ్డొచ్చింది. ఎవడి పెళ్లామో అని కళ్లు దించుకుని, నా చెల్లెల్ని వాడి బండిలో కూర్చోబెట్టి పంపాను. నేను పంపానని రాయండి. నా పేరు పెట్టి రాయండి."

పోలీసు అతని వైపు, ఆమె వైపు చూశాడు. ఆ వరుస మీద గీత కొట్టాడు. పైన కొత్త వరుస రాశాడు. మిథ్ఖాల్ సంతకం పెట్టాడు. "పద," అన్నాడు చెల్లెలితో. "అమ్మకు ఇంకా ఏం చెప్పలేదు."

రుఫైదా లేచింది. ఖద్రా లేవలేదు. ఆమె కొడుక్కి ఫోన్ చేసి గంట దాటింది. వస్తున్నానన్నాడు, అంతకన్నా ఒక్క ముక్క అనలేదు. ఆవిడ కాగితంలో కూడా మూడో వరుస ఉంది. అందులో ఐదు దినార్లు తీసుకున్న సంగతి కూడా ఉంది.

"ఆవిడ మనిషి వచ్చేదాకా ఉంటాను అన్నా," అంది రుఫైదా.

"ఉండి ఏం చేస్తావు?"

"తెలీదు."

ఆమె మళ్లీ బెంచీ మీద కూర్చుంది. మిథ్ఖాల్ తలుపు దగ్గరికి వెళ్లి, బయటికి వెళ్లకుండా గుమ్మానికి చేరబడ్డాడు. కూలరు నీళ్లు అయిపోయి ఉత్తగా తిరుగుతోంది. బయట బండి ఒకటి రోడ్డు దిగి, గులకరాళ్ల మీదుగా వచ్చి ఆగింది. తలుపు గట్టిగా మూసిన చప్పుడైంది. ఖద్రా ముసుగు దించుకుంది. బెంచీ మీద చెయ్యి పాకించి, రుఫైదా చెయ్యి వెతుక్కుని పట్టుకుంది.